ఆరు చిలకల లెక్క

వెనకటికి, జంతువులు కూడా మనుషులతో కబుర్లాడే రోజుల్లో, మేఘపురికి ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిసాములో దిట్ట. రెండోవాడు గుర్రపుస్వారీలో దిట్ట. మూడోవాడు సుమంతకుడు ఎక్కాల్లో దిట్ట.

ధూమ్రజటుడనే మాంత్రికుడు హేమరేఖ అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల తన కోటలో బంధించాడు. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, అతనూ తిరిగి రాలేదు. అప్పుడు సుమంతకుడు బయల్దేరాడు.

సముద్రపుటొడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. అతను దాన్ని తిరగేసి నిలబెట్టాడు. తాబేలు సంతోషించి, అతణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. దారిలో సంగతంతా చెప్పింది. మాంత్రికుడి ప్రాణం ఆరు చిలకల్లో ఉంది. వాటి మెడల్లో వరసగా ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు అనే అంకెలు వేలాడుతుంటాయి. ఒక చిలకను పట్టుకుంటే ప్రాణం ఇంకో చిలకలోకి దూకేస్తుంది. ఆరింటి మెడల్లోనూ ఒకే అంకె పడితే మాత్రం దానికి నిలిచే చోటుండదు. వచ్చినవాళ్ళు ఆ ఆరంకెల సంఖ్యను తమకు తోచిన అంకెతో హెచ్చించవచ్చు. మూడుసార్లు తప్పితే రాయైపోతారు.

“మీ పెద్దన్న రెండుతో, మూడుతో, నాలుగుతో హెచ్చించాడు. చిన్నన్న అయిదుతో, ఆరుతో హెచ్చించి, భయపడి చివరికి పెద్దన్న చెప్పిన రెండే అన్నాడు. ఎన్నిసార్లయినా అవే ఆరు అంకెలు నాయనా. చిలకలు గుండ్రంగా జరిగి కూర్చుంటాయి, అంతే,” అంది తాబేలు.

కోటలో రాళ్ళై నిలబడ్డ అన్నలను చూసి సుమంతకుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఏ అంకెతో హెచ్చిస్తావని మాంత్రికుడు ఆవులిస్తూ అడిగాడు.

“ఏడు,” అన్నాడు సుమంతకుడు.

ఆవులింత సగంలోనే ఆగిపోయింది.

సుమంతకుడు చివరి చిలక దగ్గర మొదలుపెట్టాడు. “ఏడేళ్ళు నలభైతొమ్మిది. తొమ్మిది వేసి, చేతిలో నాలుగు.” చిలక మెడలో ఏడు పోయి తొమ్మిది వచ్చింది. “ఏడైదులు ముప్ఫైఅయిదు, నాలుగు ముప్ఫైతొమ్మిది. చేతిలో మూడు. ఏడెనిమిదులు యాభైఆరు, మూడు యాభైతొమ్మిది.” మూడో తొమ్మిది పడింది.

అంతలో మాంత్రికుడు కోట అదిరేలా ఉరుము ఉరిమించాడు. ఆ అదురుకి సుమంతకుడు చేతిలో ఎంత మిగిలిందో మరిచిపోయాడు. పై కిటికీలోంచి హేమరేఖ చెయ్యి చాచి, అయిదు వేళ్ళూ చూపించింది.

“ఏడు రెళ్ళు పధ్నాలుగు, అయిదు పంతొమ్మిది. చేతిలో ఒకటి. ఏడు నాలుగులు ఇరవైఎనిమిది, ఒకటి ఇరవైతొమ్మిది. చేతిలో రెండు. ఏడొకట్లు ఏడు, రెండు తొమ్మిది.”

ఆరు చిలకలకూ ఆరు తొమ్మిదులు. ప్రాణం ఒకదాన్నుంచి ఇంకోదానికి తిరిగి తిరిగి, ఎక్కడా నిలవలేక పొగలా ఎగిరిపోయింది. మాంత్రికుడు బూడిదై రాలిపోయాడు. రాళ్ళు మళ్ళీ అన్నలయ్యాయి.

తిరుగు ప్రయాణంలో, అదే సంఖ్యను ఎనిమిదితో హెచ్చిస్తే ఎంతని హేమరేఖ అడిగింది. సుమంతకుడు వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. అతను సగం లెక్కలో ఉండగానే ఆమె చెప్పేసింది.

“పదకొండు లక్షల నలభైరెండు వేల ఎనిమిది వందల యాభైఆరు.”

ఆ మాఘంలోనే వాళ్ళకు పెళ్ళయింది. మగపిల్లలు లేని హేమరేఖ తండ్రి తన రాజ్యాన్ని వాళ్ళ చేతుల్లో పెట్టాడు. ఇద్దరూ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. పిల్లలకు కథలు నాన్న చెప్పాడు, ఎక్కాలు అమ్మ నేర్పింది.