ఓడ కడుపులో వెలుగు

రేవు పక్కనున్న మడ అడవిలో, చెట్ల వేళ్ల కింద, నూకాలు అనే మండపీత కాపురం ఉండేది. నాలుగు వైపులా చూసుకుంటే గాని కాలు కదిపేది కాదు. ఆమెకి ఓడలంటే హడల్. సరుకు లేకుండా వచ్చే ఓడ సముద్రంలో తూలిపోకుండా దూరదేశపు రేవులోనే కడుపునిండా నీళ్లు తాగి బయల్దేరుతుంది. ఇక్కడ బియ్యం బస్తాలు ఎక్కించుకుంటూ ఆ నీళ్లు వదిలేస్తుంది. ఒకసారి అలాంటి నీళ్లతో దిగిన పరాయి ఆల్చిప్పలు రెండేళ్లలో అవతలి పాయనంతా కప్పేశాయి. అక్కడి పీతలు ఒంటిమీది డిప్ప తప్ప మరేమీ మిగలక ఇటు వలస వచ్చాయి.

ఒకనాటి పొద్దున నీలం రంగు ఓడ ఒకటి వచ్చి ఆగింది. దాన్ని కట్టిన తాడు మీదుగా సింహాద్రి అనే ఎలుక దిగివచ్చి, నూకాలుని వరస కలిపి పలకరించాడు. ఓడలో మనుషులు కొత్తగా ఒక విషపు వెలుగు పెట్టారనీ, నీళ్లన్నీ దాని గుండా పోసి వదలబోతున్నారనీ, ఆ విషం పాయలోకి వస్తే బురదపురుగు కూడా బతకదనీ చెప్పాడు. దానికి వెళ్లే తీగకి ఇనుప తొడుగు ఉందట. తన పళ్లకి లొంగడం లేదట.

"నీ డెక్కలకి అదెంత పని అక్కా? ఒక్క నొక్కు నొక్కావంటే అందరూ బతికిపోతారు," అన్నాడు.

ముందు చూస్తాను, తర్వాతే నొక్కుతాను అంది నూకాలు. తాడు పట్టుకుని వాడి వెనకే ఎక్కింది.

ఓడ అడుగున ఒక గదిలో లావుపాటి గొట్టం ఉంది. దానికి రూపాయి బిళ్లంత అద్దం. నూకాలు అందులోంచి చూసింది. నీలిరంగు కాంతిలో నీళ్లు తిరుగుతున్నాయి. పొగ లేదు, మంట లేదు, వాసన లేదు. ఒక సముద్రం బుద్ధిగా వరస కట్టి దీపం ముందు నుంచి నడిచిపోతున్నట్టుంది.

గొట్టానికి అటొకటి, ఇటొకటి చిన్న కుళాయిలు కారుతున్నాయి. ఆమె ముందు ఇంకా వెలుగు తగలని ఇవతలి చుక్కలు చూసింది. వాటి నిండా నలుసుల్లాంటి పీతపిల్లలు కాళ్లాడిస్తున్నాయి. వెలుగు దాటి వచ్చిన అవతలి చుక్కల్లో ఒక్క నలుసూ కదలడం లేదు. తన జాతి పిల్లలే కదా అని ఆమె మనసు చివుక్కుమంది. ఆ వెంటనే పరాయి ఆల్చిప్పలు కప్పేసిన పాయ కళ్లముందు మెదిలింది. భయపడుతూనే అవతలి కుళాయి కింద తలపెట్టి ఆ నీళ్లు పీల్చింది. ఎప్పటి ఉప్పునీళ్లే. ఎంతసేపు కాచుకున్నా ఒంట్లో ఏమీ కాలేదు.

"వెలుగు గొట్టంలోనే ఉండిపోతోంది తమ్ముడూ. నీళ్లు మాత్రమే బయటికొస్తున్నాయి. తీగ నేను కొయ్యను."

సింహాద్రికి ఒళ్లు మండి అసలు సంగతి కక్కేశాడు. ఆ పిల్లల పెద్దలు దూరపు రేవులో మాటిచ్చారట, తమ సంతానం ఇక్కడ పాతుకుపోతే పాయలోని గుల్లలన్నీ పగలగొట్టి వాడికి పెడతామని. ఆ మాట అంటూనే, ఇదైనా తెగితే వెలుగు ఆరుతుందని, అద్దం పక్కనున్న సన్నతీగ మీద పడి పటుక్కున కొరికేశాడు. దానికి తొడుగు లేదు. అది వెలుగు సరిగ్గా ఉందో లేదో కనిపెట్టి చూసే తీగ.

గంట మోగింది. ఎర్రదీపం వెలిగింది. ఎవరూ ముట్టుకోకుండానే గొట్టం చివర మూత బిగుసుకుంది. చుక్క నీరు బయటికి పోలేదు. ఓడలోని ఇంజనీరమ్మ పరుగున వచ్చి తీగ మార్చింది. పంటిగాట్లు చూసి, ఎండుచేప పెట్టిన బోను ఒకటి అక్కడ వదిలి వెళ్లింది. పొద్దు వాలేలోపు సింహాద్రి అందులో ఉన్నాడు.

నూకాలు పాయకి తిరిగొచ్చి జరిగింది చెబితే ఎవరూ నమ్మలేదు.

"దెబ్బ తగిలింది ఆ గొట్టానికి. అయినా చెడ్డనీళ్లు మన మీదకి వదలకుండా తన నోరు తనే మూసుకుంది," అంది ఆమె.

ఓడ నీళ్లు వదలడం మళ్లీ మొదలయ్యాక అందరూ వేళ్ల మాటున నక్కారు. నూకాలు ఒక్కతే ఎదురెళ్లి, ఆ ధార కింద డెక్కలు రెండూ చాచి నిలబడింది.

నీతి: భయపెట్టేవాడి మాట నమ్మి కాదు, కళ్లారా చూసి తేల్చుకున్నాకే చెయ్యి వెయ్యాలి.