నల్లరేగడికి అనుమానం పట్టిన కథ

ఒకప్పుడు నల్లరేగడి నేలకి అనుమానమంటే ఏమిటో తెలియదు. ఎండాకాలమైనా వానాకాలమైనా వెన్నముద్దలా ఒకేలా ఉండేది. వేలు గుచ్చితే వేలు దిగేది. చేత్తో తవ్వితే మోచెయ్యిదాకా దిగేది. అప్పట్లో గడ్డపార అనే వస్తువే లేదు. దానితో ఎవరికీ పని పడలేదు మరి.

"కాస్త చోటిస్తావా?" అని ఎవరడిగినా, "రా, రా" అనేది రేగడి. ఎందుకు, ఎన్నాళ్లు అని అడిగేదే కాదు. చీమలడిగితే ఇచ్చింది. పీతలడిగితే ఇచ్చింది. పాము అడిగితే కూడా కాదనలేదు.

ఆ నేలలో సుంకమ్మ, ఓబులేసు అనే ఆలుమగలు జొన్న వేశారు. వాళ్లకున్నది ఆ ఒక్క చేనే. కిందటేడు గింజ పాలు పోసుకోగానే పిట్టలూ, అడవిపందులూ కలిసి చేనంతా ఊడ్చిపెట్టాయి. ఏడాది పొడుగునా వాళ్లు ఆకులూ దుంపలూ ఉడకబెట్టుకుని తిన్నారు.

"ఈసారి ఒక్క కంకి పోనివ్వను. మంచె వేద్దామయ్యా" అంది సుంకమ్మ.

"వేద్దాం. పైనెక్కి కూచుంటే చేనంతా కనబడుతుంది" అన్నాడు ఓబులేసు.

తుమ్మ గుంజలు నాలుగు కొట్టుకొచ్చారు. సుంకమ్మ వంగి, రెండు చేతులతో మట్టి తోడితే గుంటలు ఇట్టే అయిపోయాయి. గుంజలు నిలబెట్టి, పైన కట్టెలు పరిచి, తాళ్లతో బిగించారు. ఓబులేసు వడిసెల పట్టుకుని మంచె ఎక్కాడు. తాడు గిర్రున తిప్పి రాయి విసిరి "హోయ్!" అన్నాడంటే, పిట్టలన్నీ అవతలి కొండ దాటేదాకా ఆగేవి కావు.

పిట్టలు పోయాయి. పందులూ పోయాయి. పందికొక్కు మాత్రం పోలేదు.

పందికొక్కు కంకి కొరుకుతుండగా ఓబులేసు రాయి దాని నడుం మీద పడింది. అది కుంటుకుంటూ గట్టు చాటుకి పోయి, మంచె వంక చాలాసేపు చూసింది. "మంచె పడితే కాపలా పడినట్టే" అనుకుంది.

మెల్లగా రేగడి దగ్గరికి వచ్చి, గొంతు సన్నం చేసి ఏడ్చింది.

"అక్కా, పిల్లలు చలికి వణుకుతున్నారు. ఆ మంచె కింద ఇంత చోటివ్వవూ? నాకేం వద్దక్కా. పిల్లల కోసమే."

"అయ్యో, దానికేం! తవ్వుకో" అంది రేగడి.

మధ్యాహ్నం ఓబులేసు సంగటి తినడానికి ఇంటికి వెళ్లేవాడు. అతను అటు వెళ్లగానే పందికొక్కు ఇటు దిగేది. ఒక గుంజ మొదలు కింద తవ్వింది. ఇంకో గుంజ మొదలు కింద తవ్వింది. తవ్విన చోటల్లా కంకులు కొరుక్కొచ్చి పేర్చింది. మట్టి మెత్తనిది కదా, చప్పుడే కాలేదు.

ఒకరోజు ఓబులేసు మంచె మీద నిలబడి వడిసెల తిప్పాడు. రెండు గుంజలు కసుక్కున దిగబడిపోయాయి. మంచె ఒరిగింది. ఓబులేసు కింద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు చేను అవతల గట్టు మీదున్న సుంకమ్మకి వినిపించింది.

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి పందికొక్కు అక్కడే ఉంది, ఏమీ తెలియనట్టు.

"అయ్యో వదినా! ఎంత పని జరిగింది! ఈ నేలే గుంజల్ని మింగేసింది. నా కళ్లతో చూశాను" అంది.

సుంకమ్మ మొగుణ్ణి భుజానికెత్తుకుంటూ నేల మీద కాలితో తన్నింది.

"నమ్మి నిలబెడితే నా మొగుడి కాలు తీశావు కదే! పైకి వెన్నలా ఉంటావు, లోపల ఇంత విషమా?"

రేగడికి ఏమీ అర్థం కాలేదు. "నేనేం చేశాను? అడిగిన వాళ్లకి చోటిచ్చాను, అంతే కదా" అనుకుని బిత్తరపోయింది.

సుంకమ్మ అటు వెళ్లగానే పందికొక్కు నేలకి మూతి ఆనించింది.

"అక్కా, ఆమె మాటలు విన్నావా? ఆ గుంజలు మంచె కోసమే అనుకుంటున్నావా నువ్వు? నీ గుండె ఎక్కడుందో వెతుకుతోంది. ఈసారి ఇంకా లోతు గుచ్చుతుంది చూడు. నాకేం వద్దు, నీ మంచి కోరి చెప్తున్నా."

ఆ మాట చెప్పి పందికొక్కు వెళ్లిపోయింది. అనుమానం మాత్రం వెళ్లలేదు.

రేగడి మొదటిసారిగా ఆలోచించింది. సుంకమ్మ ఎందుకు తవ్వింది? నిజంగా మంచెకేనా? పీతలు లోపల ఏం చేస్తున్నాయి? పాము ఎందుకంత మెత్తగా మాట్లాడింది? అలా ఆలోచించి, ఆలోచించి, చివరికి పందికొక్కు దగ్గర ఆగింది. ఇవన్నీ ఇదెందుకు నాకు చెప్పింది? దీనికేం లాభం?

అనుమానం అంతే. ఒకరి మీద మొదలైతే ఒకరి మీద ఆగదు.

రేగడి తలెత్తి సూర్యుణ్ణి పిలిచింది.

"సూర్యన్నా, నన్ను గట్టిగా చెయ్యి. నన్నడగకుండా ఎవరి గోరూ నాలో దిగకూడదు."

సూర్యుడు అన్నాడు, "గట్టిపడాలంటే నీలో ఉన్న తడంతా నేను తాగెయ్యాలి. నొప్పి పుడుతుంది. పగిలిపోతావు."

"పగిలితే పగులుతాను. తాగెయ్."

సూర్యుడు తాగాడు. రేగడి బిగుసుకుంది. ఇంకా బిగుసుకుంది. చివరికి రాయికీ దానికీ తేడా లేకుండా పోయింది. ఒళ్లంతా నెర్రెలు విచ్చాయి. నొప్పికి రేగడి పళ్లు కరిచిపట్టింది కానీ, ఒక సంగతి దానికి బాగా నచ్చింది. నెర్రెల్లోంచి చూస్తే తన మీద ఎవరు నడుస్తున్నారో కనబడుతోంది!

ఇక మొదలెట్టింది.

"ఎవరది?" అంది అడుగున ఏదో మెదిలితే.

"వానపామునమ్మా. ఇక్కడే పుట్టాను."

"అందరూ అలాగే అంటారు" అంది రేగడి.

గువ్వ వచ్చి వాలితే, "రెండు కాళ్లూ ఎందుకు ఆనించావు? ఒక కాలు చాలదా?" అంది. జొన్న వేళ్లని కూడా వదల్లేదు. "లోపల ఏమిటా గుసగుసలు?" అని గద్దించింది.

"నీ దగ్గర తడి ఏమైనా మిగిలిందా అని వెతుకుతున్నామమ్మా" అన్నాయి వేళ్లు బెదురుతూ.

"వెతకండి. కానీ నాకు వినబడేలా వెతకండి."

అక్కడ సుంకమ్మ ఇంట్లో ఓబులేసు కాలికి వెదురుబద్దలు కట్టుకుని పడుకున్నాడు. చేలో కాపలా లేదు. పిట్టలు గుంపులు గుంపులుగా దిగుతున్నాయి. మళ్లీ మంచె నిలబెట్టకపోతే ఈ ఏడూ ఆకులూ దుంపలే.

సుంకమ్మ చేనికి వచ్చి, చేత్తో మట్టి తోడబోయింది. గోళ్లు విరిగాయి. కట్టెతో పొడిచింది. కట్టె విరిగింది. కమ్మరి దగ్గరికి పోయి, మొన దేలిన పొడవాటి ఇనపకడ్డీ ఒకటి కొట్టించుకొచ్చింది. అదే మొదటి గడ్డపార. దాన్ని రెండు చేతులా ఎత్తి బలమంతా పెట్టి దించింది.

ఖంగ్!

గడ్డపార ఎగిరి వెనక్కి వచ్చింది. ఆమె చేతులు భుజాలదాకా జిల్లుమన్నాయి. నేల మీద గీత కూడా పడలేదు.

"ఎందుకు తవ్వుతున్నావు?" అంది రేగడి నెర్రెలోంచి చూస్తూ.

"గుంజలు పాతడానికి."

"గుంజలకేనా? నా గుండె కోసమా?"

"నీకు గుండె కూడా ఉందా?" అంది సుంకమ్మ కోపంగా. "ఉంటే నా మొగుణ్ణి పడేసేదానివా?"

"నేను పడెయ్యలేదు."

"మరెవరు పడేశారు?"

సుంకమ్మ అరచేతుల్లో లేచిన బొబ్బలు చూసుకుంటూ అక్కడే కూలబడింది. ఆమె నేల వంక అనుమానంగా చూసింది. నేల ఆమె వంక అనుమానంగా చూసింది.

అప్పుడే గీరుతున్న చప్పుడొకటి వినిపించింది.

పడిపోయిన మంచె పక్కన పందికొక్కు గోళ్లతో నేలని గీరుతోంది. అది కంకి కోసం బయటికి వెళ్లినప్పుడు నేల గట్టిపడింది. బొరియ నోరు మూసుకుపోయింది. దాచిందంతా లోపలే ఉండిపోయింది.

"ఎవరది?" అంది రేగడి.

"నేనే అక్కా! తలుపు తియ్యి. పిల్లలు లోపలున్నారు!"

రేగడి చెవి పెట్టి విన్నది.

"పిల్లలు లోపలుంటే ఏడవాలి కదా. ఏడుపు వినిపించడం లేదే?"

"నిద్రపోతున్నారేమో అక్కా."

"ఇన్నాళ్లా?"

పందికొక్కు మాట మార్చబోయింది. అంతలో ఎండకి ఆ చోట నెర్రె ఫటుక్కున విచ్చుకుంది. సుంకమ్మ లేచి వచ్చి తొంగి చూసింది. లోపల పిల్లలు లేరు. గుంజ మొదలు ఉండాల్సిన చోట పెద్ద బోలు. బోలు నిండా జొన్న కంకులు, ఒకదాని మీద ఒకటి, ముచ్చటగా పేర్చినట్టు.

సుంకమ్మ పందికొక్కు వంక చూసింది. రేగడి అన్ని నెర్రెల్లోంచీ పందికొక్కు వంక చూసింది. అది గట్టెక్కి, తోక కూడా కనబడకుండా పారిపోయింది.

సుంకమ్మ నెర్రె పక్కన నేల మీద కూచుంది.

"నిన్ను తన్నాను" అంది సుంకమ్మ. "తప్పు నీది కాదు."

"నేనూ నిన్ను ఏమిటేమిటో అనుకున్నాను."

"సరే, ఇప్పుడు తెలిసింది కదా. మెత్తబడు తల్లీ. గుంజలు పాతుకుంటాను."

"పడను" అంది రేగడి.

"అదేంది?"

"ఒక పందికొక్కు పోయింది. రేపు ఇంకోటి రాదని ఏముంది? తియ్యటి మాటలు చాలా విన్నాను సుంకమ్మా. ఇక మాటలకి మెత్తబడను."

ఆ మాటలో అబద్ధమేముంది? సుంకమ్మ నెర్రె అంచు మీద చెయ్యి వేసింది. పెంకులా పొడిగా, వేడిగా ఉంది. ఎండిన పెదవి లాగా ఉంది.

ఆమె వెంట నీళ్లకుండ ఉంది. వాగు ఎండిపోతే, ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు దోసిలితో తోడి నింపుకున్న కుండ అది. తనకీ, ఓబులేసుకీ సాయంత్రందాకా అవే నీళ్లు. సుంకమ్మ కుండ ఎత్తి, గుంట తీయాల్సిన చోట మెల్లగా వంచింది. నేల గుటగుటా తాగింది.

"ఎందుకు పోశావు?" అంది రేగడి వెంటనే. "నీకేం కావాలి?"

"గుంట కావాలి" అంది సుంకమ్మ. "నాలుగు గుంటలు కావాలి. నా చేను నాకు కావాలి. నా మొగుడి ముందు అన్నం గిన్నె కావాలి. ఏమీ వద్దని నేను చెప్పలేను."

రేగడి ఆమె వంక కొత్తగా చూసింది.

"నా దగ్గరికి వచ్చిన వాళ్లందరూ ఏమీ వద్దనే వచ్చారు. కావాలని చెప్పినదానివి నువ్వొక్కదానివే" అంది. కాసేపాగి, "రేపు రా. ఆలోచిస్తాను" అంది.

మర్నాడు వస్తే, నీళ్లు పోసిన చోట జానెడు లోతు మెత్తబడి ఉంది. సుంకమ్మ గడ్డపారతో జానెడే తవ్వింది. దానికింద మళ్లీ ఖంగుమంది.

"ఇవాళ్టికి ఇంతే" అంది రేగడి.

సుంకమ్మ కోప్పడలేదు. గుంటలో మళ్లీ నీళ్లు పోసి, తడి దిగేదాకా పిట్టల్ని తోలుతూ చేనంతా తిరిగింది. పొద్దున తవ్వడం, తవ్వి నీళ్లు పోయడం. చెలమకి తిరిగి తిరిగి ఆమె మెడ పట్టేసింది. గుంట మాత్రం కొంచెం కొంచెంగా దిగింది. లోతుకి పోయేకొద్దీ రేగడి అడిగేది, "ఇంకా ఎంత?" అని. సుంకమ్మ నిజమే చెప్పేది, "నా నడుందాకా" అని.

నాలుగు గుంటల్లోనూ గుంజలు దించి, చుట్టూ రాళ్లు వేసి, మట్టి పోసి దిమ్మిస కొట్టింది. ఎండ తగలగానే రేగడి బిగుసుకుంది. ఒక్కో గుంజనీ పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకుంది. సుంకమ్మ వెళ్లి ఊపి చూసింది. గుంజ కదలలేదు. భుజం ఆనించి తోసింది. ఆమె భుజం నొప్పెట్టింది గానీ గుంజ కదలలేదు.

"మెత్తగా ఉన్నప్పుడు ఇలా పట్టుకోలేకపోయానే నేను" అంది రేగడి, తనకే ఆశ్చర్యమేసినట్టు.

సుంకమ్మ మంచె ఎక్కి వడిసెల తిప్పింది. పెద్దగాలి వచ్చినా మంచె చెక్కుచెదరలేదు. కోతలయ్యాయి. జొన్నలు ఇంటికి చేరాయి. ఓబులేసు గోడ పట్టుకుని లేచి కూచుని, వేడివేడి సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

కోతల తర్వాత ఒకరోజు, వేళ కాని వేళ పెద్ద వాన కురిసింది. సుంకమ్మ చేలో మిగిలిన చొప్ప కట్ట నెత్తికెత్తుకుని ఇంటికి బయల్దేరింది. వాన తాగిన రేగడి మళ్లీ వెన్నలా మెత్తబడింది. అయినా బుద్ధి మాత్రం పాతబుద్ధి కాలేదు. సుంకమ్మ కాలు తియ్యబోతే గట్టిగా పట్టుకుంది.

"ఎక్కడికి?"

"ఇంటికి తల్లీ."

"నిజంగా ఇంటికేనా? మళ్లీ వస్తావా?"

"వస్తాను. రాక ఎక్కడికి పోతాను?"

రేగడి నమ్మలేదు. ఒక కాలు వదిలి ఇంకో కాలు పట్టుకుంది. అడుగడుక్కీ ముద్దలు ముద్దలుగా పాదాలకి అంటుకుని గట్టుదాకా వచ్చింది. సుంకమ్మ గట్టు మీద కూచుని, పుల్లతో మట్టి గీక్కుంటూ గట్టిగా నవ్వింది.

అప్పటినుంచే నల్లరేగడి వాన వెళ్లిపోగానే రాయిలా బిగుసుకుంటుంది. నెర్రెలు తెరుచుకుని, ఎవరొస్తున్నారా అని చూస్తుంది. అందులో గుంజ పాతాలంటే ఎంతటి బలవంతుడైనా ముందు నీళ్లు పోసి, అది నానేదాకా ఆగాల్సిందే. ఇక వానలో దాని మీద నడిచామా, చెప్పులతో సహా కాళ్లు పట్టుకుని అడుగుతూనే ఉంటుంది, ఎవరు నువ్వు, ఎక్కడికి, మళ్లీ వస్తావా అని.