ముందు బయల్దేరిన సంచీ

విమలబోధస్వామికి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరిదో ఒక సంగతి చెప్పి ఊరుకునేవారు. కృష్ణ ఒడ్డున ఉన్న ఆశ్రమంలో ఒకనాడు ఫణీంద్రమనే శిష్యుడు ఆయన్ని అడిగాడు.

"స్వామీ! దర్భాసనం తెప్పించాను. స్ఫటికమాల కొన్నాను. పూజగదికి చలవరాయి వేయించాను. మోక్షం నాకింకా ఎంత దూరం?"

"విజయవాడ నుంచి హైదరాబాదు ఎంత దూరం?" అన్నారు స్వామి.

"విమానంలో గంట."

"అయితే దక్షిణామూర్తి సంగతి విను."

దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని మాకు కాలేజీలో నేర్పారు. నేర్పినాయన రాహుకాలం దాటితే తప్ప క్లాసుకి వచ్చేవాడు కాదు. ఆ ఆలస్యాన్ని మాత్రం సూత్రంలో ఎక్కడా కలపలేదు. సరే, స్వామి చెప్పిన సంగతికి వస్తాను.

దక్షిణామూర్తికి హైదరాబాదులో మేనకోడలి పెళ్ళి. ముహూర్తం సాయంత్రం. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసినవాడు మేనమామ; ఆ పిల్లకున్న మేనమామ ఈయనొక్కడే. మధ్యాహ్నం విమానానికి టిక్కెట్టు కొన్నాక పంచాంగం తిరగేస్తే, సరిగ్గా ఇల్లు కదలవలసిన వేళకి వర్జ్యం వచ్చింది. ఇలాంటి చిక్కుకి పెద్దలు ఉపాయం చెప్పారు. ముందురోజే మంచి ఘడియలో ఒక సంచీ పక్కింట్లో పెడితే, మనిషి బయల్దేరినట్టే లెక్క. దాన్నే ప్రస్థానమంటారు. ముఖ్యమైన వస్తువులుంటే ఫలం గట్టిగా ఉంటుందని, మూర్తి పట్టుపంచెతోపాటు ఆధార్ కార్డు కూడా అందులో వేసి, పక్కింటి కోటిలింగానికి అప్పగించాడు.

మర్నాడు బయల్దేరేముందు వెళ్ళి చూస్తే కోటిలింగం ఇంటికి తాళం. ఫోను చేశాడు.

"నా సంచీ ఏదయ్యా?"

"నా దగ్గరే ఉంది మూర్తిగారూ! నేనూ పెళ్ళికే, రైల్లో ఉన్నాను. విమానంలో వెళ్ళే మనిషికి బరువెందుకని తెచ్చేస్తున్నా. మీరు చేతులూపుకుంటూ వచ్చేయండి!"

విమానాశ్రయం గుమ్మం దగ్గర జవాను కార్డు అడిగాడు.

"కార్డు బయల్దేరిందయ్యా, రైల్లో ఉంది."

"అయితే దాన్ని వెళ్ళనివ్వండి సార్, మీరు కాస్త పక్కకి జరగండి."

విమానం వెళ్ళిపోయింది. మూర్తి బస్సెక్కాడు. సూర్యాపేటలో టీ తాగుతుంటే అక్కగారి ఫోను: "ఎక్కడున్నావురా? గంప సిద్ధంగా ఉంది!"

"వచ్చేశానక్కా, దగ్గర్లోనే ఉన్నా!"

ఆయన చేరేసరికి పందిట్లో విస్తళ్ళు ఎత్తుతున్నారు. గంప కోటిలింగమే పట్టాడు. అక్కగారు తమ్ముణ్ణి నఖశిఖపర్యంతం చూసింది.

"నీ సంచీ వేళకి వచ్చిందిరా నాయనా. పెద్దమనిషిలా ముందు వరసలో కూర్చుంది. నీకు పెట్టవలసిన బట్టలు దానికే పెట్టాం."

ఫణీంద్రం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "అంటే ప్రస్థానం వట్టిదేనన్నమాట, స్వామీ!"

"వట్టిదెందుకవుతుంది?" అన్నారు స్వామి. "బయల్దేరింది చేరింది కదా."