ఉంగరానికి విందు

పూర్వం ఒక రాజుగారు తాను వెళ్లలేని ఊళ్లకు తన వజ్రపుటుంగరాన్ని పల్లకీలో పంపేవారు. ఉంగరం వస్తే సాక్షాత్తూ రాజే వచ్చినట్టు. వెంట వచ్చే అధికారి భుజంగరాయుడు ఆ ఉంగరం పేరు చెప్పి ఊరి కోళ్లన్నీ ఆరగించేవాడు.

ఒకసారి ఉంగరం ఒక ఊళ్లో సాయమ్మ అనే పేదరాలి ఇంట దిగింది.

"ప్రభువులకు మేకమాంసం కావాలి," అన్నాడు రాయుడు.

సాయమ్మకు ఉన్నది ఒక్క పాడిమేక. ఆమె ఉంగరాన్ని పీటమీద పెట్టి, ఎదురుగా గంజి ఉంచింది. "ప్రభువులు ముందిది తాగితే వెంటనే మేకను కోయిస్తాను," అంది.

ఉంగరం తాగలేదు. ఆకలేసిన రాయుడు తనకేదైనా పెట్టమన్నాడు.

"ప్రభువులు ఎంగిలిపడకుండా మీరు తింటారా బాబూ?" అంది సాయమ్మ.

కాళ్లు పీకుతుంటే రాయుడు కూర్చోబోయాడు.

"ప్రభువుల ఎదుటే?" అంది నొచ్చుకుంటూ.

ఊరంతా చేతులు కట్టుకుని చూస్తోంది. పొద్దువాలేదాకా నిలబడి, చివరికి రాయుడు నీరుగారిపోయాడు. "అది ఉత్త ఉంగరమేనమ్మా, అదేం తింటుంది?"

"ఆ మాట పొద్దున్నే చెబితే పోయేదిగా బాబూ," అంటూ సాయమ్మ ఉంగరాన్ని కొంగుతో శుభ్రంగా తుడిచి అతని చేతిలో పెట్టింది. "ఉంగరానికి ఇంతకుమించి మర్యాద ఏముంటుంది? ఇక వెళ్లిరండి."