కాటుక కళ్ల ఓడ

కొండల దేశంలో వంతెనలు లేవు. ఒక కొండ నుంచి ఇంకో కొండకు గాలి ఓడలే వెళ్లేవి. ఓడల పెద్ద దగ్గర మూడు ఓడలుండేవి.

ఆయన మరో రెండు చేయమని వడ్రంగికి చెప్పాడు. "దసరాకి రేవులో ఉంటాయి" అన్నాడు వడ్రంగి. ఆ మాట నమ్మి పెద్ద అప్పుడే రేవు గోడ మీద కొత్త వేళలు రాయించాడు. బడి కొండకు వారానికోసారి ఓడ ఉంటుందని కూడా రాయించాడు.

ఆ రేవులో ఒక ఆచారం ఉంది. ఓడ ముక్కుకు రెండు వైపులా కళ్లు వేస్తారు. కళ్లు లేని ఓడ రేవు దాటకూడదు. కొత్త ఓడ చేయమన్న రోజునే అన్నిటికన్నా పాత ఓడ కళ్లు తుడిచేస్తారు. అలాగే తుడిచేశారు.

దసరా వెళ్లింది. "తెరచాప గుడ్డ రాలేదు" అన్నాడు వడ్రంగి. ఉగాది వెళ్లింది. "గుడ్డ వచ్చింది, మోకులు రాలేదు" అన్నాడు.

మిగిలిన రెండు ఓడలే అన్ని ఓడల పనీ చేయబోయాయి. ఒక కొండ దగ్గర ఆలస్యమైతే, ఆ ఆలస్యాన్ని కూడా ఎక్కించుకుని తర్వాతి కొండకు వెళ్లేవి. గోడ మీది వేళల్లో ఒక్కటీ నిజం కాలేదు. అయినా పెద్ద ఒక్కటీ చెరపలేదు. చెరిపితే ఓడిపోయినట్టేనని ఆయన భయం.

ఒక తల్లి రేవుకు వచ్చింది. గోడ మీది రాతను నమ్మి ఆమె తన ఇద్దరు పిల్లల్ని బడి కొండకు పంపింది. పంపాక మళ్లీ చూడలేదు. వాళ్ల కోసం కుట్టిన చొక్కాలు సంచిలోనే పొట్టివైపోతున్నాయి.

"బడి కొండ ఓడ ఏదయ్యా?"

"కొత్త ఓడ రాగానే వెళ్తుందమ్మా."

"నేను కొత్త ఓడ అడిగానా? ఓడ అడిగాను." ఆమె ఒక మూల పడివున్న పాత ఓడను చూపించింది. "అదేం చేస్తోంది?"

"దానికి కళ్లు లేవమ్మా."

పాత ఓడ కిర్రుమంది. "కళ్లు తుడిచారు. దారి తుడవలేదు" అంది.

పెద్ద గోడ దగ్గరకు నడిచాడు. తడిగుడ్డ తెప్పించి వేళలన్నీ తానే చెరిపాడు. పాతదాన్నీ కలుపుకుని మూడు ఓడలు వెళ్లగలిగిన వేళలు మాత్రమే రాశాడు. బడి కొండకు పక్షానికోసారి.

"ఇంతేనా?" అన్నారు జనం.

"ఇంతే. కానీ వస్తుంది."

తల్లి పాత ఓడలో ప్రతి ముడీ లాగి చూసింది, ప్రతి పలకా తట్టి చూసింది. "పెళ్లి సంబంధం చూస్తున్నావా అమ్మా?" అని నవ్వారు రేవువాళ్లు. "అంతకన్నా ఎక్కువే" అందామె. తర్వాత కొంగు ముడిలోంచి కాటుక భరిణె తీసి, వేలితో ఓడకు రెండు కళ్లు దిద్దింది.

తల్లిని ఎక్కించుకుని ఓడ లేచింది. లోయ దాటింది, మబ్బు చీల్చింది. బడి కొండ మీద పిల్లలంతా అరుగుల మీద నుంచి దూకి పరుగెత్తుకొచ్చారు. చొక్కాలు నిజంగానే పొట్టివయ్యాయి. ఆమె పిల్లలిద్దరూ వాటినే తొడుక్కుని కొండంతా తిరిగారు. ఆ తర్వాత ఏ పక్షమూ ఓడ తప్పలేదు.

చాన్నాళ్లకు మొదటి కొత్త ఓడ వచ్చింది, తళతళలాడుతూ. విరగ్గొట్టనా అన్నట్టు వడ్రంగి పాత ఓడ వైపు గొడ్డలి చూపించాడు. ఓడల పెద్ద వద్దంటూ తల ఊపి తల్లిని పిలిచాడు.

ఆమె కొత్త ఓడకూ ముడులన్నీ లాగి చూసింది. కాటుకతో ఒక కన్ను దిద్ది, భరిణె మూసేసింది.

"రెండో కన్ను?" అన్నాడు వడ్రంగి.

"తిరిగొచ్చాక."

పాత ఓడ ముందు లేచింది. ఒంటికన్ను ఓడ దాని వెనకే లేచింది.