గున్నమ్మ చూసిన ఆకుపచ్చ రెక్కలు

అనగనగా, కరెంటు దీపాలు ఇంకా రాని రోజుల్లో, కొండ కింద ఒక ఊళ్ళో గున్నమ్మ అని ఒక ముసలమ్మ ఉండేదమ్మా. చేయి మంచిది, మనసు మంచిది. కానీ ఊరంతా ఆమెని 'కోతల గున్నమ్మ' అనేవాళ్ళు. ఎందుకంటావా? అదే చెబుతున్నా, కాళ్ళు ఆడించకుండా పడుకో.

కొత్త పెళ్ళికూతురప్పుడు గున్నమ్మ విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కోసం కొండెక్కింది. అక్కడ ఒక రెక్కల పురుగుని చూసింది. రాత్రిళ్ళు దీపం చుట్టూ తిరుగుతాయే, ఆ జాతిదే. కానీ రెక్కలు అరచేయంత, రంగు లేత అరిటాకు రంగు, వెనక వేలంత పొడుగు తోకలు రెండు. ఆ తర్వాత ఎన్ని వానాకాలాలు వెతికినా అది మళ్ళీ కనపడలేదు.

ఏటా చింతపండు పిక్కలు తీసేటప్పుడు ఆడవాళ్ళంతా ఒక అరుగు మీద చేరేవాళ్ళు. ఎంత హాయిగా ఉండేవో ఆ మధ్యాహ్నాలు! అప్పుడు గున్నమ్మ ఆ పురుగు సంగతి ఎత్తేది. రంగు చెబితే నవ్వేవాళ్ళు. తోకలు చెబితే ఇంకా నవ్వేవాళ్ళు. "దగ్గరగా చూశానర్రా, దానికి నోరే లేదు" అంటే పిక్కలు ఒలకబోసుకుని మరీ నవ్వేవాళ్ళు.

"నోరు లేకపోతే ఏటి తిని బతుకుతాదే గున్నమ్మా!" అనేది పొరుగింటి అప్పయ్యమ్మ.

చూసింది చూసినట్టు చెబితే ఒక్కరూ నమ్మలేదు. పాపం, గున్నమ్మకి అదే దిగులు. ఒకటా రెండా, నలభై ఏళ్ళు!

ఒక ఏడాది మనవరాలు నూకాలు, కంచెలో ఉన్న గుంపెన చెట్టు ఆకు మీద నువ్వుగింజలంత గుడ్లు చూసింది. పది రోజులకి అవి పగిలి పిల్లపురుగులు వచ్చాయి. కొన్నిటిని చీమలు ఈడ్చుకుపోయాయి. కొన్నిటిని కాకులు తినేశాయి. ఒక్కటే మిగిలింది. అది ఆకులు మేసి మేసి, చర్మం మార్చి మార్చి, బొటనవేలంత లావైంది. ఒళ్ళంతా ఆకుపచ్చ, మీద పసుపు బొడిపెలు. ఆ తర్వాత ఆకు చుట్టుకుని, గూడు కట్టుకుని నిద్రపోయింది. నీకంటే అదే నయం, కథ అడక్కుండా పడుకుంది!

చలి వెళ్ళింది, ఎండలు వెళ్ళాయి, తొలివాన పడింది. ఒక పొద్దున గూట్లోంచి ముడతల రెక్కలతో పురుగు బయటికొచ్చింది. కొమ్మ పట్టుకుని వేలాడింది. అప్పుడు మెల్లమెల్లగా రెక్కలు విచ్చుకున్నాయి. లేత అరిటాకు రంగు! వెనక రెండు తోకలు! గున్నమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నూకాలు పొలంలో వరి ఊడ్పులు ఊడుస్తున్న వాళ్ళని పిలవడానికి పరిగెత్తింది. "పనయ్యాక వస్తాంలే" అన్నారు వాళ్ళు.

పొద్దు వాలింది. అప్పుడు పురుగు రెక్కలు వణికించడం మొదలుపెట్టింది.

"ఎగిరిపోతోంది మామ్మా, గంప మూసెయ్! వాళ్ళొచ్చేదాకా ఉంచు!" అంది నూకాలు.

గున్నమ్మ గంప ఎత్తింది. నలభై ఏళ్ళ మాట మరి! చాలాసేపు అలాగే పట్టుకుని, చివరికి గంప కింద పెట్టేసింది.

"గంపలో కొట్టుకుంటే తోకలు తెగిపోతాయే. నోరు లేనిది, దాని బతుకెన్నాళ్ళని? జోడుని వెతుక్కోవద్దూ? పోనీ" అంది.

అది రివ్వున లేచి కొండ వైపు వెళ్ళిపోయింది. కాసేపటికి బురద కాళ్ళతో ఊరంతా వచ్చింది.

"ఏదే నీ పురుగు?"

"ఎగిరిపోయింది."

ఒకటే నవ్వులు. అప్పుడు నూకాలు ముందుకొచ్చింది. "నేనూ చూశాను. దానికి నోరు లేదు!"

"సరిపోయింది! కోతల మామ్మకి కోతల మనవరాలు!" అంది అప్పయ్యమ్మ.

నూకాలు ఏడుపు మొహం పెట్టింది. గున్నమ్మ మాత్రం పిల్లని దగ్గరికి లాక్కుని, వాళ్ళకంటే గట్టిగా నవ్వింది.

"నలభై ఏళ్ళు నేనొక్కదాన్నే అబద్ధాలకోరుని. ఇయాల్టికి నాకు తోడు దొరికిందర్రా!" అంది.

గూడు విడిచి పురుగు కొండకి,
ఊడ్పు విడిచి ఊరు ఇంటికి,
కథేమో కంచికి,
నిద్దరేమో నీ కంటికి.