బుర్రా వారి ఆనపపాదు

లంకలపాలెంలో బుర్రా వారిల్లంటే తెలియనివాళ్ళు లేరు. ఆ ఇంటి పెద్ద గుర్నాథం వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేవాడు.

"ఎవరికైనా బుర్ర మెడ మీదే ఉంటుంది. మాకు మెడ మీదొకటి, ఇంటిపేరులో ఒకటి. ఇంట్లో నలుగురం. అంటే మొత్తం ఎన్ని బుర్రలో మీరే చూసుకోండి."

నలుగురంటే గుర్నాథం, భార్య మంగతాయారు, తమ్ముడు సూరప్పడు, తల్లి ఆండాళమ్మ. వాళ్ళ తెలివికి మచ్చుకొకటి చెబుతాను. వాళ్ళ గోడగడియారం రోజూ పది నిమిషాలు ముందుకి పోతోందని ఎవరో అన్నారు. అంతే, సూరప్పడు దారం తెచ్చి గడియారాన్ని మేకుకి బిగించి కట్టేశాడు. ఇంకెక్కడికి పోతుంది? ఇల్లంతా మురిసిపోయింది.

ఆ గడియారం సంగతి తప్పిస్తే మిగతా ప్రతి పనికీ మనిషిని పిలవడమే వాళ్ళ అలవాటు. ఓ ఆదివారం మంగతాయారు అన్నగారు భద్రయ్య చూడ్డానికొచ్చాడు. వచ్చేసరికి ఆవకాయ సీసా మూత తియ్యడానికి వడ్రంగి వచ్చి కూర్చున్నాడు. భద్రయ్యకి ఒళ్ళు మండింది.

"ఏం బావా ఇది? మూత తియ్యడానికి మనిషా? కరివేపాకు రెబ్బ కూడా కొనుక్కోవడమేనా? మీ పనులు మీరు చేసుకోండి. పెరట్లో ఓ పాదు పెట్టుకోండి. రేపటి రోజుకి నాలుగు రాళ్ళు వెనకేసుకోండి!" అని కేకలేసి, కాఫీ తాగి, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

"రేపటికన్నాడు. అంటే ఇవాళే వెయ్యాలి," అన్నాడు గుర్నాథం.

అంతే. సూరప్పడు పరిగెత్తుకెళ్ళి రోడ్డు పక్కనించి నాలుగు రాళ్ళు తెచ్చాడు, ఒక్కోటీ కొబ్బరికాయంత. గుర్నాథం పెరట్లో నడుం బిగించి నిలబడ్డాడు. "వెనకేసుకోవడం అంటే వెనక్కి చూడకూడదు," అని చెప్పి మొదటి రాయి భుజం మీదుగా వెనక్కి విసిరాడు. అది ఎండలో పెట్టిన వడియాల మంచం మీద పడింది. రెండోది గోడకి తగిలి చేటంత పెచ్చు ఊడింది. మూడోది కుళాయికి తగిలి, దాని పిడి ఎగిరిపోయింది. నాలుగోది సూరప్పడి వీపు మీద పడింది.

"ఇది మాత్రం సరిగ్గా వెనకే పడిందన్నయ్యా," అన్నాడు సూరప్పడు మూలుగుతూ.

కుళాయిలోంచి నీళ్ళు బొళబొళా పోతున్నాయి. పక్కింటి కనకరత్నంగారు పిట్టగోడ మీదనించి తొంగిచూసింది. ఆవిడ ఒంటిమనిషి. పెరట్లో బంగారంలాంటి తోట పెంచుతుంది. నీళ్ళు వృథాగా పోతే ఆవిడ ప్రాణం ఒప్పదు.

"అయ్యో అయ్యో, చూస్తారేం! ముందా కుళాయి కట్టెయ్యండి!" అని అరిచింది.

"కట్టెయ్యమంటున్నారు పిన్నిగారు. తాడు తే!" అన్నాడు గుర్నాథం.

బట్టలారేసే తాడు విప్పుకొచ్చారు. కుళాయికి నాలుగు చుట్లు చుట్టి, రెండో కొస పశువుల గుంజకి కట్టారు. "ముడి గట్టిగా పడాలి," అని అన్నదమ్ములిద్దరూ కాళ్ళు తన్నిపెట్టి ఒక్క లాగు లాగారు. ఇంకేముంది? కుళాయి గొట్టంతో సహా ఊడి చేతికొచ్చింది. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తుకి లేచి, గోడనంతా తడిపేశాయి.

"కట్టేశాం పిన్నిగారూ! ఇదిగో, కుళాయి ఇక్కడే ఉంది. నీళ్ళు మాత్రం తప్పించుకున్నాయి," అన్నాడు గుర్నాథం, తలనించి కాళ్ళదాకా కారుతూ.

కనకరత్నంగారే వీధిలోకి పరిగెత్తి, పైపు మొదట్లో ఉన్న చక్రం తిప్పి నీళ్ళు ఆపింది. అప్పటికే గోడ నాని రంగంతా పొలుసులు పొలుసులుగా లేచిపోయింది.

మర్నాడు రంగులేసే అప్పన్న అటుగా పోతుంటే గుర్నాథం ఆపాడు. "నువ్వు వెయ్యక్కర్లేదు. మా పని మేమే చేసుకుంటున్నాం. ఎలా వెయ్యాలో చెప్పి వెళ్ళు," అన్నాడు.

అప్పన్న మంచివాడు. "ఏముంది బాబూ, గోడని శుభ్రంగా గీకండి. రెండు కోట్లు వెయ్యండి. అంతే," అని సైకిలెక్కాడు.

ఆండాళమ్మ అక్కడే చతికిలబడింది. "రెండు కోట్లే! ఒక్క గోడకే రెండు కోట్లయితే తలుపులకీ కిటికీలకీ ఏం తేగలంరా నాయనా!"

"కంగారు పడకండి అత్తయ్యా," అంది మంగతాయారు. "డబ్బయితే గోడకెలా వేస్తారు, దానికి జేబులున్నాయా? ఇవి తొడుక్కునే కోట్లు."

"అదీ మా ఇంటి కోడలంటే!" అంది ఆండాళమ్మ కళ్ళు తుడుచుకుని.

గుర్నాథం పెళ్ళినాటి నీలం కోటు బయటికొచ్చింది. సూరప్పడు ఒకప్పుడు బ్యాండుమేళంలో డోలు వాయించేవాడు. భుజాల మీద జరీ కుచ్చులున్న అప్పటి ఎర్రకోటు వాడికి ప్రాణం. ఒకసారి దాన్ని ముక్కుకానించుకుని వాసన చూసి, గుడ్లనీళ్ళు కుక్కుకుని ఇచ్చేశాడు. రెండింటినీ చేతులు బార్లా చాపి గోడకి మేకులతో కొట్టారు.

"వానొస్తే తడుస్తుందేమో, రెయిన్‌కోటు కూడా వేద్దామా?" అంది మంగతాయారు.

"వద్దు. అప్పన్న రెండే అన్నాడు. మూడోది దుబారా," అన్నాడు గుర్నాథం.

పొద్దున్నే లేచి గోడ మీద ఇద్దరు మనుషులు వేళ్ళాడుతున్నారనుకుని కనకరత్నంగారు కెవ్వుమంది. సంగతి తెలిశాక తల పట్టుకుంది. చివరికి జాలేసింది. వీళ్ళకి గోడలూ గొట్టాలూ అచ్చిరావు, మొక్కయితే కాస్త నెమ్మది నేర్పుతుందనుకుంది. తన పెరట్లోంచి ఆనప మొక్క ఒకటి మట్టిముద్దతో తెచ్చిచ్చింది.

"గుర్నాథం, ఇది బతికితే ఏడాదంతా కూర కొనే పనుండదు. పాతిపెట్టి నీళ్ళు కట్టండి," అంది.

పాతడం బాగానే పాతారు. కట్టడం దగ్గరే వచ్చింది తంటా. సూరప్పడు గ్లాసుతో నీళ్ళు పోస్తూ ఉంటే, గుర్నాథం దారంతో ముడి వెయ్యబోతాడు. నీళ్ళు జారిపోతాయి. మళ్ళీ పోస్తాడు, మళ్ళీ జారిపోతాయి. అరగంటయ్యాక మంగతాయారు చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్ల నిండా నీళ్ళు పోసి మూతులు ముడేసి తెచ్చింది. జానెడు మొక్కకి తొమ్మిది కవర్లు కట్టారు. మొక్క పాపం నేలకి సాష్టాంగపడింది.

"మనకి దణ్ణం పెడుతోంది. ఎంత బుద్ధిమంతురాలో!" అంది ఆండాళమ్మ.

కనకరత్నంగారు వచ్చి, తల బాదుకుని, కవర్లన్నీ విప్పి, నీళ్ళు పాదులో ఎలా పొయ్యాలో పోసి చూపించింది. ఆ ఒక్కటీ నేర్చుకున్నారు. రోజూ నలుగురూ వంతులేసుకుని పోశారు. తీగ లేచి పిట్టగోడ ఎక్కింది. ఆండాళమ్మ పొద్దున్నే దానితో కబుర్లు చెప్పేది. సూరప్పడు దాని పక్కనే కూర్చుని అన్నం తినేవాడు. ఇంట్లో పిల్లల్లేరు కదా, ఆ తీగే వాళ్ళకి పసిపిల్లయిపోయింది.

నెల తిరిగేసరికి ఆకులు పసుపుపచ్చగా పాలిపోయాయి. గుర్నాథానికి ముద్ద దిగలేదు. వెళ్ళి కనకరత్నంగారిని బతిమాలి తీసుకొచ్చాడు.

"బలం లేదు నాయనా. ఎరువు వెయ్యకపోతే చచ్చిపోతుంది. ఇవాళే వెయ్యండి," అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

"ఎరువంటే నాకు తెలుసురా," అంది ఆండాళమ్మ. "మా రోజుల్లో పేరంటానికి వెళ్ళాలంటే పక్కింటివాళ్ళ నగ ఎరువు తెచ్చి వేసుకుని, మర్నాడు తిరిగి ఇచ్చేసేవాళ్ళం. పాపం, పిచ్చిది, మెడ బోసిగా ఉందని బెంగ పెట్టుకుంది."

మంగతాయారు వెంటనే పక్కింటికి వెళ్ళింది. "పిన్నిగారూ, మీ రెండుపేటల గొలుసు ఒక్కరోజు ఎరువివ్వరూ? మా ఇంటి ఆడపిల్ల మెడ బోసిగా ఉంది."

ఈ అమ్మాయి ఏ పెళ్ళికో వెళుతూ తన సంగతే అలా సరదాగా చెబుతోందనుకుంది కనకరత్నంగారు. "మా అమ్మ వేసుకున్నది. జాగ్రత్తమ్మా," అని మెళ్ళోది తీసి చేతిలో పెట్టింది.

గొలుసు తీసుకెళ్ళి తీగకి వేసి, కాస్త దూరం జరిగి చూసుకున్నారు. "ఎంత కళ వచ్చిందో!" అనుకుని భోజనాలకి లోపలికెళ్ళారు. వెనక వీధి పోలమ్మ మేక సరిగ్గా అప్పుడే వచ్చింది. ఆకులు నమిలింది, లేతతీగ లాగింది, దాంతోపాటు చుట్టుకున్నదంతా లాగింది.

చెయ్యి కడుక్కోడానికి ముందుగా వచ్చిన సూరప్పడు కేకేశాడు. "అన్నయ్యా! మేక గొలుసు వేసుకుంది!"

"మెళ్ళోనా?"

"కాదు, లోపల!"

కనకరత్నంగారు వచ్చి మోడుగా మిగిలిన తీగనీ, నెమరేస్తున్న మేకనీ మార్చి మార్చి చూసింది. తిట్టలేదు. మెట్టు మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మంగతాయారు తన చెవుల దుద్దులు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టబోతే తోసేసింది.

"నాకు బంగారం కాదమ్మా. అది మా అమ్మ మెళ్ళోది," అంది.

గుర్నాథం తల వంచుకున్నాడు. వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "పిన్నిగారూ, మీ గొలుసు మీకిచ్చేదాకా ఈ ఇంట్లో ఎవరం పెరడు దాటం," అన్నాడు.

పశువుల కాంపౌండరు వచ్చి మేక పొట్ట నొక్కి చూశాడు. "భయంలేదు. ఇక్కడే కట్టెయ్యండి, పచ్చగడ్డి పెట్టండి. మూడు రోజుల్లో పెంటికలతో అదే బయటికొస్తుంది. కానీ కళ్ళల్లో వత్తులేసుకుని చూడాలి సుమా," అని చెప్పి వెళ్ళాడు.

ఇంకేముంది? మంగతాయారు దేవుడి గూట్లోంచి పత్తి వత్తుల డబ్బా తెచ్చింది.

"నేతిలో ముంచాలా, నూనెలో ముంచాలా?"

"నెయ్యి ఖరీదు, నూనె మంట. పొడివే పెట్టు," అన్నాడు గుర్నాథం.

ముగ్గురూ రెండు రెప్పల మధ్యా వత్తులు కుక్కుకుని మేకకెదురుగా బారుగా కూర్చున్నారు. కళ్ళనిండా పత్తి, బుగ్గలనిండా నీళ్ళు.

"నీకేమైనా కనిపిస్తోందా అన్నయ్యా?"

"తెల్లగా ఉందిరా. మేక అనుకుంటాను."

ఆ మేక నల్లది. పైగా అప్పటికది తాడు పొడుగున నడిచెళ్ళి గోడ మీది పెళ్ళికోటు చెయ్యి మోచేతిదాకా తినేసి, మోడైన ఆనపపాదు పక్కన నీడలో పడుకుంది.

ఆండాళమ్మ మాత్రం వత్తులు పెట్టుకోలేదు. "నాకు కంటి ఆపరేషనైంది. కంట్లో ఏమీ పడకూడదన్నాడు డాక్టరు," అని మొండికేసి, ముక్కాలిపీట వేసుకుని చేతికర్రతో పెంటికలు కదుపుతూ మూడు రోజులు కాపలా కాసింది. మూడోరోజు మధ్యాహ్నం పీట మీదనించి ఎగిరి లేచింది.

"మెరిసిందిరోయ్!"

కుంకుడు రసంతో ఏడుసార్లు కడిగి, గొలుసు తీసుకెళ్ళి కనకరత్నంగారి చేతిలో పెట్టారు. ఆవిడ కళ్ళకద్దుకుని ఏడ్చింది. తలెత్తి చూసేసరికి ఎదురుగా మూడు జతల మిరపపండు కళ్ళు, రెప్పలకి దూదిపింజలు. ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది ఆవిడకి. నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

మూడు రోజుల మేక పెంటికలు పాదుకి పడ్డాయి కదా. వారం తిరక్కుండా మోడు చిగురేసింది. తీగ గోడెక్కి, పూసి, పిందె వేసింది. పిందె చూస్తుండగానే చంటిపిల్లంత కాయైంది.

"బంగారం వేస్తే కాయదా మరి!" అంటూ గుర్నాథం వీధిలో అందరినీ పిలిచి చూపించాడు.

నలుగురూ కాయ చుట్టూ చేరి పులుసా, పాలుపోసిన కూరా అని పోట్లాడుకుంటుంటే కనకరత్నంగారు వచ్చింది. కాయని అరచేత్తో తడిమి చూసింది.

"మొదటి కాయ, నిక్షేపంలా ఉంది. తొందరపడి కొయ్యకండర్రా. దీన్ని విత్తనానికి వదిలెయ్యండి. వచ్చే ఏడాదికి మీకు పది పాదులవుతాయి," అని చెప్పి, ఊళ్ళో పనుండి బజారుకెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే నలుగురూ కాయ చుట్టూ చేతులు వేసేశారు.

"ఈ చేతుల్తో పెంచి, ఎలా వదిలెయ్యమంటార్రా?" అని ఆండాళమ్మ బావురుమంది.

"ఊరుకో అమ్మా. అది వెళితేనే కదా విత్తనం తెచ్చేది. పిన్నిగారు మన మంచికే చెబుతారు," అన్నాడు గుర్నాథం కాయని నిమురుతూ.

"మరి కొయ్యొద్దన్నారు కదండీ?" అంది మంగతాయారు.

"కొయ్యం. వేళ్ళతో సహా తీద్దాం."

పాదు చుట్టూ మోకాల్లోతు తవ్వి, ఒక్క వేరు తెగకుండా తీగనంతా పెకలించారు. మంగతాయారు కాయకి బొట్టు పెట్టింది. ఆండాళమ్మ తుండుగుడ్డలో పులిహోర మూట కట్టి తీగకి వేలాడదీసింది. సూరప్పడు బొగ్గుతో కాయ మీద ఇంటి నంబరు, వీధి పేరు, ఊరి పేరు, పిన్‌కోడ్ రాశాడు. నలుగురూ ఊరేగింపుగా మోసుకెళ్ళి కాలవలో వదిలారు. మలుపు తిరిగేదాకా చేతులూపి, ముక్కులు చీదుకుంటూ ఇంటికొచ్చారు.

కనకరత్నంగారు బజారునించి వచ్చి పెరట్లోకి తొంగిచూసింది. పాదు ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి.

"పాదేదిరా గుర్నాథం?"

"వదిలేశామండి, మీరు చెప్పినట్టే. కాలవలో దిగగానే చక్కగా ఈదుకుంటూ వెళ్ళింది. మీరేం బెంగ పెట్టుకోకండి, ఏడాదిలో వచ్చేస్తుంది."

వీధిలోంచి టకటకా చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ అటు వెళ్ళి చూసింది. సూరప్పడు సుత్తి పట్టుకుని వీధి తలుపుల బందులు ఊడగొడుతున్నాడు. అప్పటికే ఒక రెక్క అరుగు మీద పడుంది.

"ఇదేం పనిరా?" అని అరిచిందావిడ.

"అది తిరిగొచ్చేసరికి మేం ఇంట్లో ఉంటామో లేదో పిన్నిగారూ," అన్నాడు సూరప్పడు రెండో రెక్క లాగుతూ. "తలుపు తట్టడానికి దానికి చేతులేవీ?"